ఎర్రప్పడి కలానికి పూత

అనగా అనగా, కలాలన్నీ కొయ్యతోనే చేసే రోజుల్లో, మూడు లోకాల్లోనూ సాటిలేని పనివాడు ఒకడుండేవాడు. పేరు ఎర్రప్పడు. మూడు లోకాలంటే మరీ ఎక్కువేమో, ఒక వీధి అనుకుందాం. ఆ వీధిలో కలాలు చేసేవాడు అతనొక్కడే.

ఎర్రప్పడు అంకుడు కర్రను తరిమెన మీద గిరగిరా తిప్పి, సన్నగా చెక్కి, నీలిరంగు వేసేవాడు. కలాన్ని ముట్టుకునే ముందు ప్రతిసారీ రెండు చేతులకూ రంపపు పొట్టు రాసుకునేవాడు. ఎందుకని అడిగితే, "మా తాతల నాటి ఆచారం" అని మీసం దువ్వేవాడు. మీసానికీ పొట్టు అంటేది.

ఒకనాడు రాజుగారు ఎర్రప్పడు చేసిన కలంతో ఉత్తరం రాశారు. కలం మీది రంగు వేళ్లకు అంటింది చూసుకోక, రాస్తూ రాస్తూ ముక్కు గోక్కున్నారు. కొలువుకు వచ్చేసరికి రాజుగారి ముక్కు నీలం. ఎవరూ నవ్వలేదు. సేనాపతి మాత్రం స్తంభం చాటుకు వెళ్లి చాలాసేపు దగ్గాడు.

రాజుగారు ఎర్రప్పణ్ణి పిలిపించారు. "పన్నెండు రోజుల్లో పొరుగు రాజు వస్తున్నాడు. ఏడేళ్ల యుద్ధం ఆపి సంధి రాసుకుంటున్నాం. ఆయన సంతకానికి కలం నువ్వే చేయాలి. ఆయన చేతికి రంగు అంటిందా, కావాలని అవమానించాననుకుంటాడు. సంధి పోతుంది. దాని వెనకే నీ తరిమెన పొయ్యిలోకి పోతుంది" అన్నారు.

ఇంటికి వచ్చాక ఎర్రప్పడికి అన్నం సహించలేదు.

"రంగు గట్టిదే గవరమ్మా. ఎన్నిసార్లు పట్టుకు చూశానో, ఇసుమంత అంటలేదు" అన్నాడు భార్యతో.

"నువ్వు పట్టుకున్నావా, పొట్టు పట్టుకుందా? రాజుగారు పొట్టు రాసుకుని రాస్తారా ఏం? పోయి చేతులు కడుక్కురా" అంది గవరమ్మ.

కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. ఆ చేతులు ఎందుకో ఆరలేదు. అలాగే కలం పట్టుకున్నాడు. నూరు లెక్కపెట్టేలోగా అరచెయ్యి నీలమైంది. రంగు మీద గట్టి పూత ఒకటి ఉండాలని అప్పుడు తెలిసింది.

మొదట మైనం పూశాడు. కలం అద్దంలా మెరిసింది. దాన్ని పిడికిట్లో పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చేసరికి మైనం మెత్తబడి వేళ్లకు అతుక్కుంది.

"కలమా, బెల్లం ముక్కా?" అంది గవరమ్మ.

రెండోసారి అవిసె నూనె పట్టించాడు. ఆరడానికే వారం పట్టింది. ఆరిందో లేదోనని గడియకోసారి వేలు పెట్టేవాడు, పెట్టినచోటల్లా మచ్చ పడేది. తీరా ఆరాక, ఒక పూట పట్టుకుని కూర్చుంటే నీలం మెల్లమెల్లగా పైకి వచ్చింది.

ఇక మూడు రోజులే ఉన్నాయి. 

మూడోసారి లక్క. తిరుగుతున్న కలానికి లక్క కడ్డీ ఆనించాడు. రాపిడి వేడికి లక్క కరిగి పరుచుకుంది. మొగలి ఆకుతో రుద్దితే తళతళలాడింది. గోటితో గీరి చూశాడు. ఉల్లిపొరలా ఊడి వచ్చింది.

"నూనె తాగిన కలానికే పూశావా?" అంది గవరమ్మ.

"కొత్తది చెక్కే వ్యవధి లేదని…"

"వ్యవధి లేదు కాబట్టి ఒకే పని రెండుసార్లు చేస్తావన్నమాట."

ఎర్రప్పడు ఎండిన కర్ర తీసి కొత్త కలం చెక్కాడు. రంగు బాగా ఆరనిచ్చాడు. అప్పుడు లక్క పట్టించాడు. రెండు రోజులు ఆ కలాన్ని పిడికిట్లోంచి దించలేదు. తినేటప్పుడు కూడా ఎడమ చేతిలో అదే.

సంధి రోజు వచ్చింది. పొరుగు రాజు అనుమానం మనిషి. కలం చేతపట్టుకుని పత్రమంతా చదివాడు. ప్రతి వాక్యం దగ్గరా ఆగాడు. మిట్టమధ్యాహ్నమైంది. చివరికి సంతకం పెట్టి, పిడికిలి విప్పి చూసుకున్నాడు. ఎర్రప్పడు ఓ మూల నుంచి మెడ చాచి చూశాడు.

చెయ్యి శుభ్రంగా ఉంది.

రాజుగారు హమ్మయ్య అనుకుని, "మరి ఆ మొదటి కలం అలా ఎందుకు తగలడింది?" అన్నారు.

"రంగు అమ్మినవాడి మోసమే అయ్యుంటుంది. ఊఁ అను, వాణ్ణి ఇప్పుడే కట్టి తెప్పిస్తాం" అన్నాడు మంత్రి.

ఊఁ అంటే చాలు.  కానీ ఎర్రప్పడు రెండు అరచేతులూ రాజుగారి ముందు చాపాడు. వాటి నుంచి చెమట బొట్లుబొట్లుగా కారుతోంది.

"రంగువాడి తప్పేం లేదు ప్రభూ. నాకు చిన్నప్పటి నుంచీ అరచేతులు ఇలాగే చెమటలు పడతాయి. తమరి పేరు వింటే మరీను. సిగ్గేసి పొట్టు రాసుకునేవాణ్ణి. తాతల ఆచారమూ లేదు, పాడూ లేదు. చెమట తగిలితే నా రంగు నిలవదని నాకే తెలియకుండా పోయింది. ఈసారి పొట్టు మానేశాను. ఈ చేతులకు తట్టుకున్న పూతనే తెచ్చాను."

పొరుగు రాజు పకపకా నవ్వాడు. రాజుగారు మాత్రం తన అరచేతుల్ని మెల్లిగా ఉత్తరీయానికి తుడుచుకున్నారు.

లోపాన్ని దాచుకున్నంతకాలం అది మన పనిని చెడగొడుతుంది, ఒప్పుకున్న రోజున అదే మన పనిని గట్టిపరుస్తుంది.