వేరుగోతి దగ్గర మూడు పిలుపులు

"మేరుపర్వతం వచ్చి దారికి అడ్డంగా పడుకోనీ. అంబలి తాగొచ్చి, పొద్దు వాలేలోగా ముక్కలు కొట్టి పక్కన పేర్చేత్తాను. ముల్లోకాల్లో నాలాటోడు పుట్టలేదు, పుట్టడు!" అన్నాడు తవిటయ్య.

అని, అంబలి కుండ మూత బిగుసుకుపోయి ఎంత లాగినా రాకపోతే పెళ్ళాన్ని పిలిచాడు. "ఒలే గున్నా! ఇది రాడం లేదే. కాత్త తియ్యవే."

గున్నమ్మ ఒక్క తిప్పు తిప్పింది. "ఇవిగో నీ ముల్లోకాలు. తాగు" అంది.

ఇదెప్పటి మాటంటే, సముద్రం ఊళ్ళ మీద కోపం తెచ్చుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న కాలం నాటిది. ఆ సముద్రం పక్కన ఇసకగెడ్డ అని ఒక ఊరు. ఊరి చుట్టూ జీడితోటలు, పనసచెట్లు. ఆ ఊళ్ళో తవిటయ్యకు ఒకటే పని. గాలివాన వెళ్ళిపోయాక పడిన చెట్లు తీయడం. ఊరంతా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్న పొద్దున తవిటయ్య గొడ్డలి భుజాన వేసుకుని లేచేవాడు. దారి తీసేవాడు, కప్పుల మీద పడ్డ మానులు దించేవాడు. ఇంటింటా ఇన్ని గింజలు పోసేవారు. ఆ గింజలే మొగుడూ పెళ్ళాలకు కూడు.

పడిన చెట్టును కొట్టడమెంత, ఎవడైనా కొడతాడు అనుకోకండి. పెద్దచెట్టు కూలితే వేళ్ళతో సహా లేస్తుంది. వేళ్ళూ మన్నూ కలిసి గోడలాగా నిలబడతాయి. దాని కింద గొయ్యి పడుతుంది. దాన్నే వేరుగొయ్యి అంటారు. గాలిలో చిక్కిన మనుషులు దిక్కు తోచక ఆ గోతిలో దూరతారు. ఇక్కడ మాను నరికామా, బరువు పోయి, ఆ వేళ్ళగోడ ధబీమని వెనక్కి పడుతుంది. గొయ్యి మూసుకుంటుంది. నరగ్గా మిగిలిన మొండెం నిన్నటిలాగే నిటారుగా నిలబడుతుంది, ఏమీ ఎరగనట్టు.

అందుకని తవిటయ్య గొడ్డలి మడమతో మానును మూడుసార్లు కొట్టేవాడు. మూడుసార్లు పిలిచేవాడు.

"గోతిలో ఎవులున్నారు? గోతిలో ఎవులున్నారు? ఉంటే పలకండి, తవిటయ్యొచ్చాడు!"

అప్పుడు చెవి గోతికి ఆన్చి వినేవాడు.

మొదటి పెద్ద గాలివానకు తవిటయ్య వయసులో ఉన్నాడు. కొట్టాడు, పిలిచాడు, విన్నాడు. గోతిలో చీమ కదిలినట్టు చిన్న గొంతు. బొరుగులమ్మే సన్నెమ్మ. బురదలో మెడదాకా ఉంది. చేతులు పట్టి పైకి లాగాడు.

"నువ్వు కాబట్టి ఇన్నావు బావా" అంది సన్నెమ్మ.

"నీ గొంతు ఇనకపోడమేటి మరదలా! పక్కూళ్ళోళ్ళు కూడా ఇంటారు" అన్నాడు.

సన్నెమ్మ బొరుగుల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది. బొరుగులతో పాటు ఈ కథ కూడా కొలిచి పోసేది.

రెండో గాలివానకు కొట్టాడు, పిలిచాడు, విన్నాడు. "ఆగండి, ఏదో ఉంది" అన్నాడు. దారి మూసుకుపోయి ఊరంతా గోల పెడుతోంది. అయినా కదల్లేదు. చివరికి మట్టి తోడితే తడిసి ముద్దయిన కోడిపెట్ట, ఏడు పిల్లలతో బయటికొచ్చింది. ఊరు ఊరంతా నవ్వింది. నవ్వి, ఆ రోజు నుంచీ ఒక మాట ఖాయం చేసుకుంది. కోడిపిల్లనే విన్న చెవి! తవిటయ్య లేరంటే లేరు, ఉన్నారంటే ఉన్నారు.

మూడో గాలివాన రావడానికి మూడేళ్ళ ముందు తవిటయ్యకు జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది కానీ ఊరికే పోలేదు. ముందు కీచురాళ్ళు వినపడ్డం మానేశాయి. తర్వాత సముద్రం. ఆఖరికి గున్నమ్మ. మనిషి ఎదురుగానే ఉంది, తిడుతూనే ఉంది, మాట మాత్రం రావడం లేదు. ఇంకొక మొగుడైతే కొబ్బరికాయ కొట్టేవాడు. తవిటయ్య మాత్రం మూలనున్న గొడ్డలి కేసి చూశాడు.

చెవిటివాడి చేతికి చెట్టెవరిస్తారు? చెట్టు లేకపోతే గింజలెక్కడివి? పైగా ఊరి పిల్లలు ఊరుకుంటారా, "చెవిటి తవిటి, చెవిటి తవిటి" అని పాట కట్టి ఊరేగించరూ?

ఎవరికీ చెప్పలేదు. నలుగురూ నవ్వితే నవ్వేవాడు. పెదాలు చూసి జవాబిచ్చేవాడు. గున్నమ్మ ఉప్పు తెమ్మంటే తాడు తెచ్చేవాడు. "ముసలాడికి పొగరెక్కింది" అనేది గున్నమ్మ. తవిటయ్య అవునవునని తలూపేవాడు.

మూడుసార్లు చెప్పబోయాడు. ఒకసారి గున్నమ్మకు చెప్పబోతే ఆమె ఎగిరిపోయిన కప్పు చూసి ఏడుస్తోంది. ఒకసారి తాడు పట్టే పోలినాయుడికి చెప్పబోతే వాడు, "మామా, నీ సెవి ఉండబట్టి ధైర్యంగా పన్జేత్తన్నాం" అన్నాడు. ఆ మాట పెదాల మీద చక్కగా కనపడింది. ఒకసారి సముద్రానికే చెప్పాడు. అది ఏమందో వినపడలేదు.

ఆ మూడేళ్ళూ చిన్న చిన్న గాలులే వచ్చాయి. తవిటయ్య కొట్టేవాడు, పిలిచేవాడు, చెవి ఆన్చి లేచి "ఎవులూ లేరు" అనేవాడు. గోతుల్లో నిజంగానే ఎవరూ లేరు. ప్రతిసారీ ఇంటికెళ్ళి, ఈసారి చెప్పేస్తానని గోడకేసి చెప్పుకునేవాడు.

మూడో గాలివాన మూడు రోజులు కొట్టింది. నాలుగో పొద్దున చూస్తే ఊరి వాగు, అదే గెడ్డ, దాని ఒడ్డున పెద్దపనస కూలి నీళ్ళకు అడ్డంగా పడి ఉంది. కొమ్మల్లో చెత్తంతా చిక్కుకుని గట్టు కట్టింది. గెడ్డ దారి తప్పి పల్లపు ఇళ్ళలోకి మళ్ళింది. మోకాళ్ళ దాకా నీళ్ళు. ముసలీ ముతకా, పసిపిల్లలు కప్పుల మీదున్నారు.

"తొరగా మామా! తొరగా!"

తవిటయ్య వాళ్ళ నోళ్ళు చూశాడు. నీళ్ళు చూశాడు. ఇవాళ చెప్పే రోజు కాదనుకున్నాడు.

వేరుగోతి మీద విరిగిన కొమ్మలు, వాటి మీద చెత్త. లోపలేముందో కంటికి ఆనదు. మూడుసార్లు కొట్టాడు. మూడుసార్లు పిలిచాడు.

ఆ కొమ్మల కింద సన్నెమ్మ ఉంది.

గాలికి కొట్టుకొచ్చి, తట్ట చేజారి, గోతిలో పడింది. కాలు వేళ్ళ మధ్య ఇరుక్కుంది. పిలుపు విని ఆమె భయపడలేదు. పిలిచినవాడు ఎవడో ఆమెకు తెలుసు కదా.

"ఉన్నాను బావా. సన్నెమ్మని. ఉన్నాను."

మూడుసార్లు పలికింది. చెవి గోతికి ఆన్చినవాడికి వినపడలేదు. పదిబారల అవతల తాడు పట్టుకున్న పోలినాయుడికి మాత్రం గాలిలో సన్నగా ఏదో వినపడింది. వాడు నోరు తెరిచాడు. ఈలోగా తవిటయ్య లేచి "ఎవులూ లేరు" అన్నాడు. కోడిపిల్లనే విన్న చెవి అది. నా చెవిదేముంది, గాలై ఉంటుందనుకుని పోలినాయుడు నోరు మూసుకున్నాడు.

గొడ్డలి పడింది. మాను తెగింది. వేళ్ళగోడ ధబీమని వెనక్కి పడింది. మొండెం నిటారుగా నిలబడింది.

తాళ్ళు కట్టి మాను లాగారు. గెడ్డ తన దారి పట్టింది, ఇళ్ళలో నీళ్ళు తీశాయి. జనం కేకలేశారు. తవిటయ్య ఆ నోళ్ళు చూసి నవ్వాడు. అంతలో నోళ్ళన్నీ ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. అందరూ గెడ్డకేసి చూస్తున్నారు. లాగిన కొమ్మల్లోంచి బొరుగుల తట్ట ఒకటి ఊడి, తిరుగుతూ నీళ్ళలో పోతోంది.

పోలినాయుడు మొండెం దగ్గరికి పరిగెత్తి చేతులతో మట్టి పీకడం మొదలుపెట్టాడు.

ఊరంతా తవ్వింది. సాయంకాలానికి సన్నెమ్మను పైకి తీశారు. తీసి చేసేదేముంది? గున్నమ్మ తన చీర కప్పింది.

ఆ తర్వాత తవిటయ్య గొడ్డలి పట్టలేదు. చాలా ఏళ్ళు బతికాడు. ప్రతి గాలివానకూ వచ్చి, పడిన చెట్టు గోతి పక్కన కూర్చునేవాడు. ఒక పొద్దున అలా కూర్చునే పోయాడు.

ఇప్పటికీ ఆ తీరంలో చెట్లు పడతాయి. ఇప్పుడు మిషను రంపాలొచ్చాయి. అయినా చెట్టు మీద చెయ్యేసే ముందు మిషను ఆపుతారు. మూడుసార్లు కొడతారు, మూడుసార్లు పిలుస్తారు. అప్పుడు రంపం పట్టినవాడు, పాము చెవులున్న పాతికేళ్ళవాడైనా సరే, ఊరివైపు తిరిగి గట్టిగా చెప్పాలి.

"నాకు సెవుడు. మీరినండి."

ఊరంతా ఊపిరి బిగబట్టి వింటుంది. ఏడ్చే పిల్లల్ని దూరంగా తీసుకుపోతారు. ఒకరు నడుముకు తాడు కట్టుకుని గోతిలో దిగి కళ్ళతో చూసొస్తారు. ఏ కాస్త చప్పుడు విన్నా, చిన్నవాడైనా పెద్దవాడైనా, అరిచి తీరాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మాటకు నవ్వుతారు. ఊరివాళ్ళు నవ్వరు. ఆ మాట మొదట ఎవరన్నారో, ఎక్కడన్నారో వాళ్ళకు తెలుసు.

సన్నెమ్మను పైకి తీసిన సాయంకాలం, ఆ మొండెం దగ్గరే. ఊరివాళ్ళు తవిటయ్యను ఒక్క మాట అనలేదు. "ఆ హోరులో నీకు మాత్రం ఎలా ఇనపడతాది" అన్నారు. తప్పించుకోవడానికి దారి వాళ్ళే తీసిపెట్టారు. కానీ పోలినాయుడు బురదలో కూలబడి నెత్తి బాదుకుంటున్నాడు. "నానిన్నాను. నానిన్నాను. ఇని ఊరుకున్నాను. సంపింది నానే" అంటున్నాడు. తవిటయ్య వాడి పెదాలనే చూశాడు. వెళ్ళి వాడి రెండు చేతులూ పట్టుకుని ఆపాడు.

"నువ్వు కాదల్లుడా. నాకు సెవుడు. మూడేళ్ళ నించి ఉరుము కూడా ఇనపడదు. గోతికి సెవి ఆన్చి, పది లెక్కెట్టుకుని లేసేవోణ్ణి. ఇవాళ నీళ్ళు పెరుగుతన్నాయని ఆరు దాకానే లెక్కెట్టాను."