ఊరకుండేవాళ్ల సీమ

మానగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే గండరాయలకు బిరుదులెన్నో, అనుమానాలు అంతకంటే ఎక్కువ. పాలు తెచ్చినవాడి చేతే ముందు తాగించేవాడు. వాడు నవ్వితే, ఎందుకు నవ్వాడోనని మిగతా పాలు పారబోయించేవాడు.

ఆ రాజ్యంలో కొత్తగా ఒక గుంపు బయలుదేరింది. వాళ్లకు విగ్రహం లేదు, పూజారి లేడు. అందరూ ఒక పాకలో చేరి, దేవుడు మనసులో పలికేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవారు. రాజునైనా బంటునైనా ‘నువ్వు’ అనేవారు. అబద్ధమాడరు, ఒట్టు పెట్టరు, కత్తి పట్టరు. జనం వాళ్లకు ఊరకుండేవాళ్లని పేరు పెట్టారు.

రాజు వేగుల్ని పంపాడు.

“ఏం మాట్లాడుకున్నారు?”

“ఏమీ మాట్లాడలేదు ప్రభూ.”

“ఏమీ మాట్లాడలేదా? అయితే పెద్ద కుట్రే!” అని అందర్నీ పట్టి తెప్పించాడు.

కొలువులో సూరప్ప అనే హాస్యగాడుండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఆ రోజు బందీలందరికీ ముందు నిలబడ్డది అతని అక్క మల్లసాని. ఆ సంగతి కొలువులో ఎవరికీ తెలియదు.

“మాకు విధేయులై ఉంటామని కత్తి ముట్టి ప్రమాణం చెయ్యి!” అన్నాడు రాజు మల్లసానితో.

“చెయ్యను నాయనా. ఇవాళ ఒట్టేస్తే, నిన్నటిదాకా చెప్పినవి అబద్ధాలని ఒప్పుకున్నట్టే. నీకు ద్రోహం తలపెట్టం. నువ్వు నమ్మితే నమ్ము.”

“నన్ను పట్టుకుని ‘నువ్వు’ అంటుందా!” రాయల మీసం వణికింది. “అందర్నీ కోటగోడ మీంచి తోయించండి!”

సూరప్ప ముందుకొచ్చాడు. “తోయించాల్సిందే ప్రభూ, మహా ప్రమాదకరమైన మనుషులు. ముందు చిన్న మనవి. ఏరవతలి నల్లకోనకు ఈసారి ఏ దండనాయకుణ్ణి పంపుతున్నారు?”

రాజు ముఖం మాడిపోయింది. ఆ అడవిసీమకు ఎవర్ని పంపినా కోట కట్టుకోవడం, సేనను పోగుచేసుకుని తన మీదికే రావడం.

“ఎవర్నీ నమ్మలేక పాడుపెట్టాను.”

“కత్తి పట్టనివాళ్లను పంపితేనో? కోట కట్టరు, సేన పెట్టరు. అడవి కొట్టి పంట పండిస్తారు.”

రాజు కళ్లు చిన్నవయ్యాయి. “ఒకే మతంవాళ్లంతా ఒకచోట చేరితే? ఇవాళ ఊరుకుంటారు, రేపు ఊరుకోరు.”

“తమ ముందుచూపు ఎవరికొస్తుంది! అందుకే వాళ్లకిచ్చే శాసనంలో ఒక మాట వేయించండి. నల్లకోనలో ఎవరు ఏ దేవుణ్ణి ఎలా కొలిచినా, అసలు కొలవకపోయినా, అడిగేవాడుండడని. శైవులొస్తారు, జైనులొస్తారు, ఫకీర్లొస్తారు. అంతమంది కలిసి కుట్ర ఏం చేస్తారు ప్రభూ? పండగకు ఏం వండాలన్నదే తేలదు!”

రాజుకు ఆ ఉపాయం నచ్చింది. ఆ మాటలన్నీ రాగిరేకు మీద చెక్కించాడు. ముద్ర వెయ్యబోతూ ఆగాడు.

“సూరప్పా, ఇందులో నీకేమిటి లాభం?”

సూరప్ప నవ్వబోయాడు, నవ్వు రాలేదు. రాజు మల్లసాని వైపు తిరిగాడు. “నువ్వు అబద్ధం చెప్పవు కదా. వీడు నీకేమవుతాడు?”

ఆమె సూరప్ప ముఖం చూసింది. కళ్లు చెమర్చాయి.

“మా తమ్ముడు,” అంది.

భటులు సూరప్ప రెక్కలు విరిచి పట్టుకున్నారు. అతను గింజుకోలేదు.

“ప్రభూ, సొంత తమ్ముడి తల పోతుందని తెలిసీ అబద్ధమాడని మనిషి, తమకు ద్రోహం తలపెట్టనని మాటిచ్చింది. ఒట్టేసిన దండనాయకుల్లో ఇలాంటివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నన్ను నేనే తోసుకుంటాను.”

రాజు కొలువంతా కలయజూశాడు. దండనాయకులందరూ నేలచూపులు చూస్తున్నారు. రాయల గొంతులో ముందు గురగురమంది, ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఒరే, నా అనుమానాన్నే నాకు అమ్మావు కదరా!” అని ముద్ర వేసి, తన చేతి కడియం తీసి సూరప్పకు తొడిగాడు.

కొద్దిరోజులకు పడవలు కదిలాయి. రేవులో మల్లసాని తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

“నువ్వూ మాతో వచ్చెయ్యరా.”

“నేనూ వచ్చేస్తే, ఇక్కడ మీ కోసం అబద్ధాలాడేవాళ్లు ఎవరుంటారే అక్కా?” అన్నాడు సూరప్ప.