పాలమొదలమ్మ క్షేత్రం: పసుపుదారం కథ

ఎర్రవాగు వంతెన దాటగానే ఎడమచేతి వైపు, రాతిమెట్ల పైన, కప్పు లేని చిన్న గుడి కనబడుతుంది. లోపల విగ్రహం లేదు. ఏనాడో నరికిన చెట్టు మొదలే ఇక్కడ అమ్మవారు. ఆ మొదలుకే పసుపు పూసి, బొట్టు పెట్టి, పాలు పోస్తారు. ఊరికి పాలమొదలు అన్న పేరు ఈ తల్లి వల్లనే వచ్చింది. ఇంత పేరున్న తల్లికి పైకప్పు ఎందుకు లేదని అడిగే భక్తులకు పెద్దలు చెప్పే వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ బెరడు గీరితే పాలు కారే పాలచెట్టు ఒకటి ఆకాశానికి ఎదిగి ఉండేది. పురిట్లోనే కన్నుమూసిన పసికందులను ఊరివారు దాని నీడన పూడ్చేవారు. తల్లిపాలకు నోచుకోని బిడ్డలకు ఆ మాను పాలు ఇస్తుందని వారి నమ్మకం. ఓబుళమ్మ అనే ఇల్లాలి బిడ్డలిద్దరూ అక్కడే ఉన్నారు.

చెట్టు మాత్రం భద్రప్ప అనే రైతు చేలో ఉండేది. అతడు కొత్తగా నూనె గానుగ పెట్టదలచి, రోలుకు ఆ మానే తగినదని నిశ్చయించుకున్నాడు. సంగతి తెలిసి ఓబుళమ్మ పౌర్ణమినాటి గ్రామసభకు వచ్చి, ఆ చెట్టును ఊరి చెట్టుగా తీర్పు చెప్పి కాపాడమని వేడుకున్నది. తన చేలో చెట్టు తనదేనని భద్రప్ప వాదించాడు.

సభకు పెద్ద చెన్నారాయుడు. న్యాయం ఓబుళమ్మ వైపు ఉన్నదని ఆయన మనసుకు అప్పుడే తోచింది. అయితే ఆయన కూతురు భద్రప్ప ఇంటి కోడలు. నిండుసభలో వియ్యంకుణ్ణి కాదనడానికి నోరు రాలేదు. వచ్చే పౌర్ణమికి తేల్చుదామని చెప్పి లేవబోయాడు.

"అందాకా చెట్టుకు కాపు ఎవరయ్యా?" అని ఓబుళమ్మ అడిగింది.

సభ విచారణలో ఉన్న చెట్టును ఎవరూ ముట్టుకోరులే అని ఆమెను పంపివేశాడు. ఆ మాట భద్రప్పతో మాత్రం అనలేదు.

వారం తిరక్కుండానే ఒక ఉదయం వాగు వైపు నుంచి గొడ్డలి చప్పుడు వినవచ్చింది. చెన్నారాయుడు పై కండువా కూడా లేకుండా పరుగెత్తాడు. ఆయన చేరేసరికి మాను నేలకు ఒరిగింది. తెగిన మొదలు నుంచి తెల్లని పాలు ధారగా కారుతుంటే, ఓబుళమ్మ పక్కనే కూర్చుని చీరచెంగుతో అద్దుతూ ఉన్నది. ఆమె ఏడవలేదు, ఆయన వైపు చూడనూ లేదు.

భద్రప్ప నొచ్చుకుంటూనే అన్నాడు. "మీరు వద్దని ఒక్క మాట అనలేదు బావగారూ. అని ఉంటే ఆగేవాణ్ణి."

అది నిజమేనని చెన్నారాయుడికి తెలుసు. ఆ తరువాత ఆయనకు తిండి సహించలేదు. ఒక మధ్యాహ్నం ఆ మొదలు దగ్గరే కూర్చుని కునుకు తీయగా, కలలో ఒక స్త్రీ కనబడింది. ఒడి ఖాళీగా ఉన్నది. ఆమె ఆ చెట్టు తల్లేనని గ్రహించి, గుడి కట్టిస్తాను, తిరిగి రమ్మని ఆయన ప్రాధేయపడ్డాడు.

"నేనిక చిగురించను. ఆకుల కప్పు పోయిన చోట నాకు రాతికప్పు వద్దు. చెట్టు కోసం ఎవరు మొరపెట్టుకున్నా ముందు దానికి పసుపుదారం కట్టండి, తరువాత విచారించండి," అని ఆమె మాయమైంది.

మరుసటి పౌర్ణమికి సభ ఆ మొదలు చుట్టూ కూడింది. జరిగినది జరిగిపోయింది గనుక వేరే సంగతి చూద్దామని ఒకరు అనగా, ఓబుళమ్మ లేచి నిలబడింది.

"నా మొరకు తీర్పు చెప్పండి," అన్నది.

చెన్నారాయుడు చేతులు జోడించి చెప్పాడు. "ఈ పాలచెట్టు ఊరిది. దీన్ని ఎవరూ కొట్టరాదు."

ఆయన చెప్పిన కల విని ఆనాడే సభ కట్టుబాటు చేసింది. దారం కట్టిన చెట్టును సభ అనుమతి లేనిదే తాకరాదు. చేను గలవాడి అభ్యంతరమూ వినాలి. ఇంటిమీద పడబోయే కొమ్మను మాత్రం తీయవచ్చు. కట్టుబాటు మీరినవాడు అదే చోట మరో మొక్క నాటి, తన ఎత్తు దాటేదాకా నీళ్లు పోయాలి. భద్రప్ప తనంతట తానే మొక్కలు నాటి నీళ్లు మోశాడు. అక్కడ ఏదీ బతకలేదు. చెన్నారాయుడు మరెన్నడూ పెద్దరికం వహించలేదు. ఓబుళమ్మ ఆయనతో మాట్లాడనూ లేదు.

నేటికీ ఎవరైనా చెట్టు కోసం అర్జీ పెట్టుకుంటే, పంచాయతీవారు అమ్మవారి సన్నిధి నుంచి పసుపుదారం తీసుకుపోయి ఆ రోజే కడతారు. తీర్మానం ఆ తరువాతే. మొన్న రోడ్డు వెడల్పు చేసినప్పుడు దారం కట్టిన చింతచెట్లను తప్పించి దారి వేశారు. ఏటా ఉత్సవంనాడు సర్పంచి ఈ మొదలు ముందు నిలబడి, పాలచెట్టు ఊరిదనీ, దాన్ని ఎవరూ కొట్టరాదనీ చదువుతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు అప్పుడు పాలు పోస్తారు. ఈ తల్లి పోయినవారిని తెచ్చి ఇస్తుందని మేము చెప్పము. పాలు పోసిన తల్లికి ఆ రాత్రి నిద్ర పడుతుందని మాత్రం ఇక్కడివారు చెబుతారు.