రాజముద్ర ఎదుట పీట

ఆ రాజ్యం పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, అక్కడి ధాన్యపు కొఠారు అధికారి చెంగల్రాయుడి పొగరు మాత్రం ఇంకా చెప్పుకుంటారు. యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న ముసలివాళ్ళకు నెలనెలా వడ్లు కొలవమని రాజుగారు రాగిరేకులు రాయించి ఇచ్చారు. ఈయన మాత్రం వాళ్ళను పొద్దున్నుంచీ నిలబెట్టి, తాను మెత్తటి పరుపు మీద తాంబూలం నములుతూ కూర్చునేవాడు.

ఒకరోజు బుట్టలు ఇవ్వడానికి వచ్చిన మేదరి గవరయ్య కళ్ళముందే, వడ్ల కోసం నిలబడ్డ పోలమ్మవ్వ కాళ్ళు వణికి నేల మీద కూలబడింది. వెన్నెల్లా తెల్లబడిన ఆ తల దుమ్ములో ఆనడం చూసి గవరయ్య బుట్టలు అక్కడే పడేసి పరుగెత్తాడు.

"లేవవే ముసలీ!" అని గద్దించాడు అధికారి. "నా వెనక గోడ మీద రాజముద్ర కనబడ్డంలా? దాని ఎదుట కూర్చుంటే రాజుగారిని అవమానించినట్టే!"

గవరయ్య అవ్వను మెల్లగా లేవదీశాడు. ఆమె చేతిలోని రాగిరేకు తీసుకుని అధికారి ముఖానికి ఎదురుగా పట్టాడు.

"దీని మీదున్నదీ ఆ ముద్రే కదండీ. మరి తమరు కూర్చున్నారేం?"

భటులంతా చూస్తున్నారు. కాదంటే రాజద్రోహం. చెంగల్రాయుడు గబుక్కున లేచాడు. కాసేపటికే ఆ భారీ మనిషి మోకాళ్ళు పట్టేశాయి.

"ఎంతసేపురా ఇలాగ?"

"నియమం తమరిదేనండి. అవ్వ కూర్చోవచ్చంటే తమరూ కూర్చోవచ్చు."

"ఒరేయ్, అవ్వకు పీట వెయ్యండిరా!"

పీట వచ్చింది, అవ్వ కూర్చుంది. గవరయ్య మాత్రం రేకు దించలేదు. గుమ్మం బయట ఎండలో నిలబడ్డ ముసలివాళ్ళంతా అప్పటికే తమ రేకులు పైకెత్తారు.

"ఒక్క పీటేనా అయ్యా?" అన్నాడు.