బలుసుపొద మీద గొడుగు

మూడేళ్లలో జిలానీ సారు నా ఫొటో ఒక్కదాన్ని కూడా బాగుందనలేదు. బాగాలేదని కూడా అనలేదు, అదీ నా ఏడుపు. చూసేవాడు, "ఊఁ" అనేవాడు, కెమెరా నా చేతికిచ్చేసి చిట్టెమ్మకు రొట్టెముక్క పెట్టేవాడు. చిట్టెమ్మ ఆయన కుక్క.

సారు మా ఊరి హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ చెప్పాడు. రీలు కెమెరాల కాలం నుంచీ పిట్టల ఫొటోలు తీశాడు. చూపు మందగించాక కెమెరా పక్కన పెట్టాడు గానీ నడక మానలేదు. నాది బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు. పొద్దున ఆరింటికి ఆయన వెంట తేనెగుట్టకు పోయి, తొమ్మిదిన్నరకు వచ్చి షట్టరు లేపేదాన్ని.

ఆయన దగ్గర పాఠాలంటూ ఏమీ లేవు. మొదటి ఏడాది ఎండాకాలమంతా బ్యాటరీ లేని కెమెరా మెడలో వేసుకుని తిరగమన్నాడు. తిరిగాను. దారిలో మేకల వాళ్లు ఏ ఫొటో తీశావని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. రెండో ఏడు బ్యాటరీ పెట్టుకోనిచ్చాడు. అప్పుడు ఒకే ఒక్క మాట చెప్పాడు.

"చిట్టెమ్మ కూసున్న కాడ నువ్వు గూడ కూసో."

ఆ కుక్కకు ఆ విద్య ఎలా అబ్బిందో నాకు తెలియదు. ఫాల్గుణంలో మోదుగులు ఎర్రబడి పిట్టలు గూళ్లు కట్టే రోజుల్లో, ఏ పొదలోనైనా పిట్ట బెదిరి గొంతు మార్చి అరిచిందంటే చాలు, ఉన్నచోటే కూలబడేది. బతిమాలినా బెదిరించినా అడుగు ముందుకు వేసేది కాదు. అరుపు ఆగాక లేచి, ఒళ్లు దులుపుకుని, మళ్లీ నడిచేది. దాని వెనక సారు, సారు వెనక నేను.

ఒక శనివారం సారుకు మోకాళ్లు పట్టేశాయి. "నువ్వు పోయి రా బేటా, చిట్టెమ్మను తీస్కపో," అన్నాడు. నన్ను ఒక్కదాన్నే పంపడం అదే మొదలు. ఇంకేముంది, గుట్టంతా నా పేరున రాసిచ్చినట్టు నడిచాను.

గుట్ట దిగువన ఒక బలుసుపొదలో పికిలిపిట్ట గూడు కనబడింది. నడుమెత్తులో ఉంది. తల్లి అరుపు అందుకుంది, చిట్టెమ్మ పదిహేను అడుగుల ఇవతలే కూర్చుండిపోయింది. అక్కడి నుంచి చూస్తే ఆకులూ ముళ్లూ, వాటి సందులో ఒక పసుపు నోరు. అదేం ఫొటో? అలాంటి ఆకుల ఫొటోలు నా దగ్గర కొల్లలు. సారు "ఊఁ" అన్నవన్నీ అలాంటివే.

చిట్టెమ్మ వంక చూశాను. అదీ నా వంక చూసింది. "నువ్వుండవే," అని దాన్ని దాటుకుని పోయాను.

సంచిలో చిన్న కత్తెర ఉంది, షాపులో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించేది. గూటికి అడ్డంగా ఉన్న మూడు రెమ్మలూ, పైన కమ్ముకున్న ఒక కొమ్మా కత్తిరించాను. ఎంత జాగ్రత్తగా కత్తిరించానంటే గూడు ఇసుమంతైనా కదలలేదు. ఆ జాగ్రత్త చూసుకుని నేనే మురిసిపోయాను. గూట్లోకి వెలుగు నేరుగా పడింది. మూడు పిల్లలు, ఇంకా కళ్లు తెరవలేదు. తల్లి నా తలమీదే తిరుగుతూ అరుస్తోంది.

ఆ తర్వాత చేసింది చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. వేలితో గూటి అంచు మీద మెల్లగా తట్టాను. తల్లి వచ్చి వాలిందనుకుని మూడు పిల్లలూ ఒక్కసారే మెడలు చాచి నోళ్లు తెరిచాయి. అప్పుడు తీశాను.

సాయంత్రానికి మా పిట్టల వాట్సాప్ గ్రూపంతా చప్పట్లే. "అరుంధతి గారూ, ఇంత స్పష్టమైన గూడు ఫొటో నేను ఇంతవరకు చూడలేదు," అని ఒక పెద్దాయన రాశాడు. దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

ఆదివారం పదింటికి సారు ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. పలకరింపు కూడా సరిగా పూర్తి చెయ్యకుండా కెమెరా చేతిలో పెట్టాను. ఆయన చెయ్యి తుడుచుకున్నాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. మూడేళ్లలో నా ఫొటో ఏదీ అంతసేపు చూడలేదు. ఇదిగో అంటాడు, ఇప్పుడంటాడు అని నిలబడ్డాను.

"బలుసు గదా ఇది," అన్నాడు.

"అవును సార్."

"ఆకు లేదేంది?"

"కొంచెం సదిరిన సార్. మూడు రెమ్మలే."

ఆయన ఇంకాసేపు చూశాడు.

"చిట్టెమ్మ ఏడ కూసున్నది?"

నేను చిట్టెమ్మ వంక చూశాను. ఆయన మళ్లీ అడగలేదు. అరుగు పట్టుకుని లేచి, లోపలికి పోయి, నల్ల గొడుగూ ఒక సుతిలితాడు ఉండా తెచ్చుకున్నాడు.

"బండి తియ్యి," అన్నాడు.

ఆ వేళప్పుడు ఆయన గుట్టకు పోవడం నేనెన్నడూ చూడలేదు. స్కూటీ మీద వెనక సారు, నా కాళ్ల దగ్గర చిట్టెమ్మ. దారిపొడవునా నేను మనసులో ఏవేవో జవాబులు కూర్చుకున్నాను. అందరూ చేస్తారనీ, మూడు రెమ్మలే కదా అనీ. గుట్ట దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. ఎండ చురచుర కాలుస్తోంది.

చిట్టెమ్మ నిన్న కూర్చున్న చోటే కూర్చుంది. సారు దాన్ని దాటి ముందుకు పోయాడు. ఆయన అలా దాటడం నాకు తెలిసి అదే మొదటిసారి. నేనూ వెనకే పోయాను.

గూటి మీద ఎండ నేరుగా పడుతోంది. ఒక పిల్ల మెడ గూటి అంచు మీద వాలిపోయి ఉంది, దానికి చీమలు పట్టాయి. మిగతా రెండూ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మేత కోసం కాదు, ఊపిరి కోసం. పొద కింద నేను పారేసిన రెమ్మలు ఎండి వడలిపోయి పడున్నాయి.

తిడితే బాగుండును అనుకున్నాను. ఒక దెబ్బ వేసినా బాగుండేది. ఆయన నా వైపు చూడనే లేదు.

"చెయ్యి పట్టు," అన్నాడు.

పట్టాను. చచ్చిన పిల్లను ఆకుతో మెల్లగా తీసి, చీమలు ఊది, నా ఎడమ అరచేతిలో పెట్టాడు. బరువే లేదు. వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం ఎండ వల్లనేనని తెలుస్తూనే ఉంది.

తర్వాత గొడుగు విప్పాడు. గూటి మీద నీడ పడేలా వంచి, దాని కాడను పొద మొదలుకు సుతిలితో కట్టడం మొదలుపెట్టాడు. ముళ్లు గీరుకుని ఆయన చేతుల మీద నెత్తురు చారలు పడ్డాయి. నేను సాయం పట్టబోతే, "నీ చేతిల ఉన్నది చూస్కో," అన్నాడు. కట్టడం అయ్యాక వెనక్కి వచ్చి, చిట్టెమ్మ పక్కన చతికిలబడ్డాడు. గూటి వైపు వీపు తిప్పి కూర్చున్నాడు.

"సార్, తల్లి వస్తే మనకెట్ల కనబడుతది?"

"దానికి మన కండ్లు కనబడొద్దు."

నేనూ అటే తిరిగి కూర్చున్నాను. తల్లి ఎక్కడో మోదుగ మీది నుంచి అరుస్తోంది. దానికి ఇప్పుడు నేనే కాక గొడుగూ భయమే. రాకపోతే ఆ రెండూ పోతాయి. సారు బట్టతల మీద ఎండ మండిపోతోంది, డెబ్బై రెండేళ్ల మనిషి. నా టోపీ తీసి ఇచ్చాను. వద్దని తల ఊపాడు. చెమట చెవుల వెనక నుంచి కారి చొక్కా తడిసిపోయింది. ఆయన ఒంటి మీద ప్రతి చెమటచుక్కా నావల్లే అనుకుంటూ కూర్చున్నాను. గంట గడిచి ఉంటుంది.

అరుపు ఉన్నట్టుండి ఆగింది. వెనకాల రెక్కల చప్పుడు. మళ్లీ ఏమీ లేదు. మళ్లీ రెక్కలు, ఈసారి దగ్గరగా.

అప్పుడు నా కుడిచెయ్యి చూసుకున్నాను. అది కెమెరా మీద ఉంది. ఎప్పుడు పోయిందో తెలియదు. లెన్సు మూత కూడా తీసేసి ఉంది. గొడుగు కింద పికిలిపిట్ట, ఇలాంటి ఫొటో ఎవరి దగ్గరా ఉండదు, అని నిజంగా అనుకున్నాను. ఎడమచేతిలో చచ్చిన పిల్ల ఉండగానే అనుకున్నాను.

సారు ఆ చేతిని చూశాడు. చూసి, మొహం అటు తిప్పుకున్నాడు, పరాయివాళ్ల ఇంట్లో చూడకూడనిది కంటబడినట్టు. ఒంటి చేత్తో మూత పెట్టబోతే అది జారి రాళ్లల్లో పడింది. వెతకలేదు.

వెనకాల సన్నగా కీచుమంది ఒక గొంతు. దాని మీదే ఇంకొకటి. కాసేపటికి రెండూ ఊరుకున్నాయి. రెక్కల చప్పుడు దూరమైంది. మళ్లీ వచ్చింది, మళ్లీ రెండు గొంతులు. నేను వెనక్కి తిరగలేదు. కళ్లు కూడా మూసుకున్నాను.

చిట్టెమ్మ లేచి ఒళ్లు దులుపుకుంది.

"నడువు," అన్నాడు సారు.

గొడుగు అక్కడే వదిలేసి వెనక్కి వచ్చాం. బండి పెట్టిన చోట, రాళ్ల పక్కన మెత్తటి మన్ను చూసి పిల్లను పూడ్చాను. సారు మోకాళ్లు పట్టుకుని నిలబడి చూశాడు. చేతులు దులుపుకోబుద్ధి కాలేదు. ఆ మట్టి చేతులతోనే కెమెరా తీసి, ఆ ఫొటో తెరిచాను. మూడు నోళ్లు, గొంతు లోపలి ఎరుపుదాకా కనబడుతున్నాయి. తుడిపేసే బటన్ మీద వేలు పెట్టాను.

"దీన్ని తీసేస్తున్న సార్. గ్రూపుల నుంచి గూడ తీసేస్త."

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"గ్రూపుల నుంచి తియ్యి," అన్నాడు. "ఇది ఉండనియ్."

"వద్దు సార్. నాకు దాని మొహం చూడబుద్ధి అయితలేదు."

సారు నా భుజం ఆసరా చేసుకుని, నొప్పికి పళ్లు బిగించి, బండెక్కి కూర్చున్నాడు. చిట్టెమ్మను పిలిచాడు. అది ఎక్కి సర్దుకున్నాక అన్నాడు.

"మూడు పిల్లలు గిప్పుడు దాంట్లనే ఉన్నయి బేటా."