ఓబులవ్వ బొడ్లో ప్లగ్గు

అనగనగా అంటే మరీ రాజుల కాలం అనుకునేరు. అంత వెనక్కి పోనక్కర్లేదు. నాపరాళ్ల సీమలోకి కరెంటు కొత్తగా వచ్చిన కాలం.

ఆ కాలంలో ఒక బండల షెడ్డు. ఆ షెడ్డులో ఓబులవ్వ అని ఒక ముసలామె. కోసేముందు రాతిని తడపడం, కోశాక దుమ్ము ఊడవడం ఆమె పని. బండలు కొనడానికి వచ్చినవాళ్లు ఆమె వంక చూసేవాళ్లు కూడా కాదు.

రాళ్లు కోసేది మద్దిలేటి. చేత్తో పట్టుకుని కోసే మిషన్‌ని ఆ చుట్టుపక్కల మొదట పట్టింది అతనే. దాని చక్రం గిర్రున తిరిగితే ఎంత బండైనా రెండు ముక్కలయ్యేది. పెళ్లాం, పిల్లలు, మంచం పట్టిన తల్లి, అందరికీ అతని చెయ్యే దిక్కు.

ఆ ఊరి కరెంటు వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. పోయినప్పుడు మద్దిలేటి ఊరికే కూర్చునే రకం కాదు. మిషన్ ఒళ్లో పెట్టుకుని, అరిగిన చక్రం విప్పి కొత్తది బిగించేవాడు. కోస్తూ కోస్తూ ఆగిపోయిన మిషన్ కదా, స్విచ్చు వేసింది వేసినట్టే ఉండేది. అతనికి ఆ ధ్యాసే లేదు.

ఓబులవ్వ మాత్రం లేచేది. గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేది. దాన్ని బొడ్లో దోపుకుని వచ్చి కూర్చునేది.

మొదటిసారి మద్దిలేటి నవ్వాడు.

"కరెంటే లేదు గదవ్వా, ప్లగ్గు పీకేదెందుకు?"

"అది చెప్పి రాదు నాయనా," అంది ఓబులవ్వ.

కరెంటు వచ్చాక మద్దిలేటి చెయ్యి చాచాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు.

"మెడలో తుండు తీసినావా? చక్రం మీద మూత పెట్టినావా? స్విచ్చు ఆపినావా?"

మూడింటికీ ఊఁ అన్నాకే ఇచ్చింది.

రెండోసారి మద్దిలేటి విసుక్కున్నాడు. బయట లారీ కాచుకుని ఉంది.

"బిరీన ఇయ్యవ్వా. నీ ప్రశ్నలకు జవాబు చెప్పేలోపల ఒక బండ కోస్తా."

"అది చెప్పి రాదు నాయనా. తుండు తీసినావా? మూత పెట్టినావా? స్విచ్చు ఆపినావా?"

మూడోసారి అతనికి ఒళ్లు మండింది. పోయి మేస్త్రి దస్తగిరిని పిలుచుకొచ్చాడు.

"రాయి తడిపేదానివి రాయి తడుపు. ప్లగ్గుతో నీకేం పని?" అన్నాడు మేస్త్రి. "ఇంకొకసారి ముట్టుకుంటే పనిలోకి రావద్దు."

అప్పుడు చెప్పింది ఓబులవ్వ, ఎన్నడూ నోరు విప్పి చెప్పని మాట.

"నా మొగుడు పిండి మరలో పని చేసేటోడు. కరెంటు పోయిందని బెల్టు సరిచేసేదానికి చెయ్యి పెట్టినాడు. అది చెప్పి రాలేదు. ఆ పొద్దు నుంచి ఆయన కన్ను మూసేదాకా నా చేత్తోనే ముద్దలు పెట్టినా. నన్ను పనిలో నుంచి తీసెయ్ మేస్త్రీ. తీసేసేదాకా మాత్రం పీకుతానే ఉంటా."

మేస్త్రి తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. మద్దిలేటి తుండు తీశాడు, మూత పెట్టాడు, స్విచ్చు ఆపాడు. ఆ తర్వాత ఎన్నో ఎండాకాలాలు అలాగే గడిచాయి.

ఒక వానాకాలం ఓబులవ్వ జ్వరంతో చచ్చిపోయింది. షెడ్డు వాళ్లే మోశారు, షెడ్డు వాళ్లే పూడ్చారు. మర్నాడు పని మొదలైంది. రాతిని మద్దిలేటే తడుపుకున్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మద్దిలేటి మిషన్ ఒళ్లో పెట్టుకున్నాడు. మూత తీశాడు. చక్రం మీద చెయ్యి వేసి, అలవాటు కొద్దీ తలెత్తకుండానే అడిగాడు.

"అవ్వా, పీకినావా?"



అతను తలెత్తి గోడ వైపు చూశాడు. కింద చీపురు ఉంది. పైన ప్లగ్గు ఉన్నచోటే ఉంది. మిషన్ మెల్లగా కింద పెట్టి, తనే లేచి వెళ్లాడు. ప్లగ్గు పీకి చేతిలో పట్టుకున్నాడు. అది ఇంకా చేతిలో ఉండగానే పక్క షెడ్డులో మిషన్లు ఒక్కసారిగా గర్రుమన్నాయి. కరెంటు వచ్చింది.

మద్దిలేటి తన మిషన్ స్విచ్చు చూశాడు. వేసింది వేసినట్టే ఉంది. అక్కడే బండ మీద కూలబడి ఏడ్చాడు. ముందురోజు మోసినప్పుడు కూడా అంత ఏడవలేదు. తర్వాత ప్లగ్గు బొడ్లో దోపుకుని, చక్రం మార్చుకున్నాడు.

మద్దిలేటి ముసలివాడై కన్ను మూశాడు. స్నానం చేయించినవాళ్లు అతని వేళ్లు చూసి ఆశ్చర్యపోయారు. పదికి పదీ ఉన్నాయి. ఆ రోజుల్లో రాళ్లు కోసేవాళ్లకు అది మామూలు సంగతి కాదు.

ఇప్పటికీ ఆ సీమ పనివాళ్లు ఎంత దూరం వెళ్లి బండలు కోసినా సరే, కరెంటు పోతే ఒకడు అడుగుతాడు, "ప్లగ్గు ఏదిరా?" అని. రెండోవాడు లేచి పోయి, పీకి, నడుముకు దోపుకున్నాకే జవాబు చెబుతాడు.

"ఓబులవ్వ బొడ్లో ఉంది."

ఆ మాట వినపడితేనే మొదటివాడు చక్రం మీద చెయ్యి వేస్తాడు.