నీడన ఆరబెట్టిన కోరికలు

ఇలా దగ్గరికి జరుగు చిట్టీ. దుప్పటి కప్పుకో. కాళ్ళు ఆడించకుండా విను.

అనగనగా, ఎర్రగట్ల నడుమ ఉన్న ఒక ఊళ్ళో, అంకన్న అనే కుమ్మరి ఉండేవాడు. సారె తిప్పడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. అతను చేసిన కుండలో నీళ్ళు పోస్తే నడి ఎండాకాలంలో కూడా పళ్ళు జివ్వుమనేవి. అంకన్న తాగేవాడు కాదు. జూదం ఆడేవాడు కాదు. కానీ కంటికి ఏదైనా నచ్చిందంటే చెయ్యి ఆగేది కాదు. అదొక్కటే అతని జబ్బు. చిన్న జబ్బే కదా అనుకోకు. ఇల్లు గుల్ల కావడానికి అదొక్కటి చాలు.

ఆ ఊళ్ళో కుమ్మరికి ఏడాదికొకసారే మట్టి దొరికేది. ఎండలకి చెరువు ఎండాలి. వానలు పడకముందే దాని నడిమి నుంచి బంకమట్టి తవ్వి తెచ్చుకోవాలి. ఒక్క వాన గట్టిగా పడి నీళ్ళు చేరాయంటే, మళ్ళీ ఏడాది దాకా మట్టి లేదు. మట్టి లేకపోతే సారె లేదు, కుండ లేదు, కూడు లేదు.

అంకన్నకి ఉన్న ఒక్క గాడిదా ముసలిదై చచ్చిపోయింది. అందుకని మట్టి తోలించడానికి బండ్లు బాడుగకి మాట్లాడుకోవాలి. పన్నెండు బండ్ల మట్టి, పన్నెండు రూపాయలు. ఆ రోజుల్లో రూపాయంటే పెద్ద డబ్బు.

ముందునుంచీ కూడబెడదామని అంకన్న ఒక మట్టి డిబ్బీ చేశాడు. పైన చిన్న చీలిక, లోపల బోలు. డబ్బు వెయ్యడమే గాని, పగలగొట్టకుండా తీయడానికి లేదు. ఊళ్ళోవాళ్ళందరూ అలాంటి డిబ్బీలు అతని దగ్గరే కొనుక్కునేవాళ్ళు. పగలగొడితే మళ్ళీ కొనాలి కదా అని ఆగేవాళ్ళు. మరి అంకన్నకి ఆ భయం ఏముంది? పగిలితే రేపు ఇంకొకటి చేసుకుంటాడు. చూశావా, తన చేతి పనే తనకి ఎలా అడ్డం తిరిగిందో!

సోమవారం సోమవారం ఊరి చివర సంత జరిగేది. అక్కడ ఒకడు పెద్ద ఇత్తడి తాళం అమ్ముతున్నాడు. "ఈ ధరకి మళ్ళీ దొరకదు" అన్నాడు. అంతే, అంకన్న పరుగున ఇంటికొచ్చాడు. డిబ్బీ టప్పుమనిపించాడు. తాళం కొన్నాడు.

అతని భార్య తిరుపాలమ్మ గడపలో నిలబడి చూసింది. "ఏమయ్యా, మనింటికి ఉన్నది తడిక కదా. ఈ తాళం ఎక్కడ వేస్తావు, నీ ముక్కుకా?" అంది.

ఆ తర్వాత రెండో డిబ్బీ చేశాడు. అది సగం నిండింది. అప్పుడు సంతకి ఒక వెదురు పంజరం వచ్చింది. దానికి గంటలు, అద్దాలు. రెండో డిబ్బీ కూడా టప్పుమంది.

"చిలక ఏదయ్యా?" అంది తిరుపాలమ్మ.

"అంగడివాడు వచ్చే వారం తెస్తానన్నాడే" అన్నాడు అంకన్న. ఏ వారమూ తేలేదు.

ఆ తర్వాత మూడో డిబ్బీ చేశాడు. ఈసారి ఎర్రతోలు కుట్టిన గుర్రపు జీను కంటపడింది. మూడో డిబ్బీ కూడా ముక్కలైంది. జీను భుజాన వేసుకుని ఇంటికి వస్తుంటే ఊరి ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తిరుపాలమ్మ మాత్రం నవ్వలేదు. "జీను ఎవరికయ్యా? గుర్రం లేదు, గాడిదా లేదు. ఇక మిగిలింది నేనే" అంది. ఆ మాట అని లోపలికి వెళ్ళి, ఉట్టి మీద ఉన్న చద్దికుండ దించి, అడుగున ఉన్న నాలుగు మెతుకులు అతనికే పెట్టింది.

అంకన్న ఆ మెతుకుల్ని ఆమె వైపే జరిపి లేచాడు.

అప్పటికే చెరువు ఎండి నెర్రెలు విచ్చింది. అంకన్న బండ్ల ఎల్లప్ప దగ్గరికి వెళ్ళి, "అన్నా, మట్టి తోలిపెట్టు, తర్వాత ఇస్తాను" అని అడిగాడు.

ఎల్లప్ప మీసం దువ్వుకుంటూ అన్నాడు: "తమ్ముడూ, నీ చెయ్యి మంచిది. నీ మాటా మంచిదే. కానీ నీ చేతిలో డబ్బు నిలవదని ఊరంతా చూసింది. రైతులు చేలకి పెంట తోలమని నా గుమ్మం ముందు నిలబడ్డారు. పన్నెండు రూపాయలు తెచ్చిన రోజు బండ్లు కడతాను."

వానలకి ఇంకా ఆరు సంతలు ఉన్నాయి. సంతకి రెండు రూపాయల చొప్పున మిగిలితే సరిగ్గా పన్నెండు. ఒక్క సంత చెయ్యి జారినా ఆ ఏడు సారె ఆగిపోతుంది. పెరట్లో మిగిలిన మట్టి కూడా ఆ ఆరు వారాలకే సరిపోయేంత ఉంది.

అతని మేనత్త కొండమ్మ పక్కింట్లోనే ఉండేది. నోరు కరుకు, మనసు మెత్తన. అంకన్న ఆమె దగ్గర కూలబడి, "అత్తా, కొనకూడదనే అనుకుంటాను. వస్తువు కనపడగానే ఒంట్లో మంట పుడుతుంది. ఏం చేయను?" అన్నాడు.

అతను అప్పుడే సారె మీంచి దించిన తడికుండని కొండమ్మ చూపించింది. "ఒరే అంకా, దీన్ని తీసుకెళ్ళి ఇప్పుడే ఆవంలో పెట్టి కాల్చు."

"అయ్యో, పగిలిపోతుందత్తా! పక్క కుండల్నీ పగలగొడుతుంది."

"మరి ఏం చేయాలి?"

"నీడన ఆరబెట్టాలి. వారమన్నా ఆరాలి."

"మట్టి సంగతి ఇంత తెలిసినవాడివి. మరి సంతలో పుట్టిన కోరికని ఆ పూటే ఎందుకు కాలుస్తున్నావురా? దాన్నీ ఆరనివ్వు. ఏది కొనాలనిపిస్తే దాని పేరు చెప్పి, అడుగుభాగం మందంగా ఉండేలా ఒక మూకుడు చేసి నీడన పెట్టు. అది ఆరేదాకా డిబ్బీ ముట్టుకోకు. ఆరాక కూడా ఆ వస్తువే కావాలనిపిస్తే, అప్పుడు కొనుక్కో. నేను అడ్డు రాను" అంది కొండమ్మ.

సరేనని అంకన్న నాలుగో డిబ్బీ చేశాడు.

మొదటి సంతలో జరీ తలపాగా కనపడింది. ఒంట్లో మంట పుట్టింది. పళ్ళు బిగబట్టి ఇంటికొచ్చి తలపాగా పేరున మూకుడు చేసి మూల పెట్టాడు. మూకుడు ఆరేసరికి ఆ తలపాగా ఏ రంగులో ఉందో కూడా అతనికి గుర్తు రాలేదు.

మూడో సంతలో వెండికట్టు వేసిన కొమ్ముబూర కనపడింది. మళ్ళీ మూకుడు చేశాడు. వారం తిరిగాక సంతకి వెళ్ళి ఆ బూరని మళ్ళీ చూశాడు. "దీన్ని ఊదితే మా తిరుపాలమ్మ నన్ను ఇంట్లోంచి ఊదేస్తుంది" అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ తర్వాత ఆరో సంత వచ్చింది. అదే ఆఖరిది. డిబ్బీలో పది రూపాయలున్నాయి. ఆనాటి కుండలు అమ్మగా వచ్చిన రెండు రూపాయలు మొలలో ఉన్నాయి. పడమట మబ్బులు కూడుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఒక అంగడిలో ఎర్రరాళ్ళ కమ్మలు తళుక్కుమన్నాయి. తిరుపాలమ్మ చెవులకి ఎప్పటినుంచో వేపపుల్లలే ఉన్నాయి.

"నాలుగు రూపాయలు. సాయంత్రం బండి కడుతున్నా. మళ్ళీ ఈ దారికి రాను" అన్నాడు అంగడివాడు.

అంకన్న ఇంటికి పరిగెత్తాడు. ఈసారి నాకోసం కాదు కదా, తిరుపాలమ్మ కోసం కదా అనుకున్నాడు. కోరిక ఎప్పుడూ అంతే చిట్టీ. ఒక వేషం చెల్లకపోతే ఇంకో వేషం వేసుకుని వస్తుంది. తిరుపాలమ్మ ఇంట్లో లేదు, నీళ్ళకి వెళ్ళింది. అంకన్న డిబ్బీ చేతిలోకి తీసుకున్నాడు. పైకెత్తాడు.

అప్పుడు ఆగాడు. డిబ్బీ పక్కన పెట్టి, మిగిలిన పిడికెడు మట్టి తీసి కమ్మల పేరున మూకుడు చేశాడు. చేసి, బొటనవేలితో నొక్కి చూశాడు. మెత్తగా లోపలికి దిగింది. ఇంకా పచ్చి.

మళ్ళీ నొక్కాడు. పచ్చి.

దారి మీద అంగడివాడి బండి కదిలిన చప్పుడు వినపడింది. ఎద్దుల గంటలు దగ్గరికి వచ్చాయి, గుమ్మం దాటాయి, దూరమయ్యాయి. అంకన్న రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత గంటలు వినపడలేదు. అతనికేమీ కాలేదు. ఇల్లు అలాగే ఉంది. ఊపిరి ఆడుతోంది. ఎంత తేలిగ్గా ఆడుతోందో! ఎత్తిన బరువు దించినవాడిలా ఒళ్ళంతా వదులైంది.

మర్నాడు పొద్దున్నే భార్య ఎదురుగా డిబ్బీ పగలగొట్టి, మొలలోని రెండు రూపాయలూ కలిపి ఎల్లప్ప చేతిలో పోశాడు. ఎల్లప్ప రెండుసార్లు లెక్క చూసుకుని, "ఒరే తమ్ముడూ, నువ్వేనా?" అని బండ్లు కట్టాడు.

మూడు రోజులు తోలారు. మొదటి రోజు నాలుగు బండ్లు. రెండో రోజు నాలుగు. మూడో రోజు మూడు బండ్లు వచ్చేసరికి ఆకాశం కాటుక పూసినట్టయింది. పన్నెండో బండి చెరువుకట్ట ఎక్కి ఇటు దిగిందో లేదో, వాన దబదబా కురిసింది. తవ్విన గుంతలన్నీ చూస్తుండగానే నిండిపోయాయి.

మట్టికుప్ప మీద తాటాకులు కప్పి, ఆలుమగలిద్దరూ తడిసి ముద్దై అరుగెక్కారు. అంకన్న కమ్మల సంగతి చెప్పేశాడు.

తిరుపాలమ్మ కొంగు పిండుకుంది. "మంచి పని చేశావు. రాళ్ళకమ్మలు పెట్టుకుని, మట్టి లేక కూలికి పోతే నలుగురూ నవ్వేవాళ్ళు" అంది. అని, అతని తల కొంగుతో తుడుస్తూ, "ఇప్పుడేమన్నా కొనాలని ఉందా?" అని అడిగింది.

"ఉంది. కానీ ఈ ముసురులో మూకుడు ఎప్పటికి ఆరేను?" అన్నాడు అంకన్న.

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ ఏడంతా సారె ఆగలేదు. ఇల్లు ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

నువ్వు కూడా రేపు తిరునాళ్ళలో బొమ్మ కనపడగానే కొంగు పట్టి లాగకు. ఒక వారం ఆగి అడుగు. అప్పుడు చూద్దాం.

మట్టి చేరె ఇంటికి,
మబ్బు చేరె మింటికి,
కునుకు చేరె కంటికి,
కథ నడిచె కంచికి,
ఒత్తిగిల్లి పడుకో ఇక, తెల్లవారే దాకా నా పక్కకి.